శుక్రవారం మోగే సైరన్

మంగళవారం ఉదయం ఆరు గంటల పద్నాలుగు నిమిషాలకు స్థావరంలోని వంటశాల తూర్పు గోడ మీద రాకెట్ పడింది. లోపల తొమ్మిది మంది పనిలో ఉన్నారు. ఒకరు చనిపోయారు. ముగ్గురికి గాయాలయ్యాయి. నేను మోగలేదు.

నేను ఒక సైరన్‌ను. ఆ వంటశాల కప్పు మీద, ఇనుప స్తంభానికి బిగించి ఉన్నది నేనే. రాకెట్ వస్తే మోగడానికే నన్ను అక్కడ పెట్టారు. మోగకపోవడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే వెనక నుంచి రావాలి.

నేను పుట్టింది ఒక చలిదేశంలో, రేవు పక్కన ఉన్న ఇటుకల షెడ్డులో. అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోసి నాకు నాలుగు నోళ్లు చేశారు. లోపల మోటారు పెట్టారు. మోటారుకు పళ్లున్న చక్రం తగిలించారు. చక్రం తిరిగితే గాలి తెగి అరుపు పుడుతుంది. నా గురించి తెలుసుకోవలసింది అంతే. నాకు ఆలోచన లేదు, దయ లేదు. తీగలో కరెంటు వస్తే అరుస్తాను, రాకపోతే ఊరుకుంటాను. ఈ సంగతి నన్ను చేసినవాళ్లకు తెలుసు. నా కింద బతికినవాళ్లు మరిచిపోయారు.

షెడ్డులో సైరన్లను పరీక్షించే పని ఒక ముసలామెది. ఏళ్ల తరబడి ఆ అరుపుల మధ్య ఉండి ఆమెకు చెవులు పోయాయి. చెవులు పోయినవాళ్లకైతే ఇబ్బంది ఉండదని ఆ పని ఆమెకే ఉంచారు. నేను మోగుతుంటే ఆమె నా మీద అరచెయ్యి ఆనించి, అదురు చూసి, బాగుందన్నట్టు తల ఊపి పక్కకు నెట్టింది.

మొదట నన్ను ఒక ఆనకట్టవాళ్లు కొన్నారు. గేట్లు ఎత్తే ముందు కింది ఊళ్లను హెచ్చరించడం నా పని. ఒక వానాకాలం నీటిమట్టం చూపే ముల్లు ఇరుక్కుపోయింది. వరద వస్తోందనుకుని ఇంజినీరు నన్ను మోగించాడు. జనం పిల్లల్నీ మేకల్నీ తోలుకుని గుట్టెక్కారు. రాత్రంతా తడిశారు. నీళ్లు రాలేదు. తెల్లవారి దిగివచ్చి ఆఫీసు అద్దాలు పగలగొట్టారు. ఇంజినీరును బదిలీ చేశారు, నన్ను దించి గోదాములో పడేశారు. మోగినందుకు నాకు పడిన శిక్ష అది. మోగనందుకు నాకు ఏ శిక్షా పడలేదు.

గోదాములోంచి నన్ను సైన్యం కొంది. ఓడలో, తర్వాత లారీలో, ఇసుక తప్ప మరేమీ లేని ఒక దేశానికి తెచ్చింది. ఆ సైన్యం ఆ దేశానిది కాదు. సముద్రాలు దాటి వచ్చి కొండల కింద ఒక స్థావరం కట్టుకుని ఏళ్లుగా ఉంటోంది. పిలిస్తేనే వచ్చామని వాళ్లంటారు. ఎవరు పిలిచారని కొండల అవతలివాళ్లు అడుగుతారు. అడగడానికి వాళ్లు వాడేది రాకెట్లు.

స్థావరంలో అన్నిటికన్నా ఎత్తయిన కప్పు వంటశాలది. అందుకని నన్ను దాని మీద నిలబెట్టారు. నా స్తంభం మొదట్లో ఒక పెట్టె ఉంది. అందులోకి రెండు తీగలు వస్తాయి. ఒకటి రాడార్ నుంచి. వంటశాల వెనక సిమెంటు దిమ్మె మీద ఆ రాడార్ ఉండేది. కొండల మీదుగా ఏది ఎగిరివచ్చినా చూసి నాకు తీగలో చెప్పేది. నేను అరిచేదాన్ని. రెండో తీగ ఒక గడియారం నుంచి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ గడియారం నన్ను ఒక నిమిషం మోగించేది. నేను పనిచేస్తున్నానో లేదో చూసుకోవడానికి ఆ ఏర్పాటు. గడియారానికి విడిగా బ్యాటరీ, ఎండతో దాన్ని ఛార్జి చేసే ఎండ పలక ఉన్నాయి. స్థావరంలో కరెంటు పోయినా శుక్రవారం మాత్రం తప్పదు.

నా కింద వంట చేసేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. వాళ్లకు పెద్ద లింబాద్రి. మెట్‌పల్లి దగ్గరి పల్లె అతనిది. దుబాయి హోటళ్లలో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరి ఇక్కడ ఉదయం పూట వంటకు హెడ్ అయ్యాడు. అతని భార్య తమ్ముడు భూమేశ్ అదే వంటశాలలో గుడ్లు ఉడికించే డేగ్‌ల దగ్గర, అంటే పెద్ద గుండిగల దగ్గర పనిచేసేవాడు. బామ్మర్దిని ఇక్కడికి రప్పించింది లింబాద్రే. వీళ్లందరి మీద కంపెనీ తరఫున క్యాంపు బాస్ సత్తిబాబు. అతనిది అమలాపురం వైపు.

మొదటి ఏడాది నేను చాలాసార్లు మోగాను. మొదట్లో వంటవాళ్లు ప్రతి చప్పుడుకూ పరిగెత్తేవాళ్లు. దూరాన లారీ టైరు పేలినా గరిటెలు వదిలేసి బంకర్‌లో దూరేవాళ్లు. నూనె మీద చూపు లేక ఒకసారి పొయ్యి అంటుకుంది. ఒకతనికి మోకాళ్ల దాకా కాలింది. అప్పుడు లింబాద్రి ఒక పద్ధతి పెట్టాడు. చప్పుళ్లకు ఎవరూ కదలకూడదు. సైరన్ మోగితే అందరూ పొయ్యిలు ఆర్పి పోవాలి. మోగకపోతే చేతిలో పని చేతిలోనే ఉండాలి. అందరూ ఒప్పుకున్నారు. ఆ పద్ధతి వాళ్లను చాలాసార్లు కాపాడింది. కాలిన గాయాలు లేవు, రాకెట్ గాయాలు లేవు. స్థావరం అధికారి ఒకసారి లింబాద్రి భుజం తట్టి, నా సైనికుల కన్నా నీ వంటవాళ్లే క్రమశిక్షణలో ఉన్నారన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సైనికుల భోజనాలు తొందరగా ముగిసేవి. అప్పుడు వంటవాళ్లు తమకోసం వెనక షెడ్డులో మాంసం వండుకునేవాళ్లు. మూతకు పిండి అంటించి డేగ్‌ను సన్నసెగ మీద వదిలేసేవాళ్లు. పన్నెండింటికి నేను మోగగానే భూమేశ్ మూత తీసేవాడు. ముందు తీస్తే ఒప్పుకునేవాళ్లు కాదు. అలా వారానికి ఒకసారి నా అరుపు వాళ్లకు ఆకలి తీరే వేళ.

ఫోన్‌కు సిగ్నల్ అందేది నా స్తంభం కింద, కప్పుకెక్కే మెట్ల మలుపు దగ్గరే. అందుకని అందరి ఇళ్ల సంగతులూ నాకు వినబడేవి. భూమేశ్ వచ్చిన కొత్తలో అతని తల్లి సాయవ్వ ప్రతి ఫోన్‌లోనూ అల్లుడిని నిలదీసేది. బాంబులు పడే జాగకు కొడుకును తీసుకుపోయావని అనేది. ఒక శుక్రవారం లింబాద్రి కావాలని పన్నెండింటి వేళకే ఫోన్ చేశాడు. ఆమె మొదలుపెట్టగానే ఒక్క నిమిషం ఆగమని ఫోన్‌ను నా వైపు ఎత్తిపట్టాడు. నేను మోగాను. ఆగిన తర్వాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇన్నవా అత్తమ్మా? రాకెట్ రాంగనే గిది ఒర్రుతది. ఒర్రంగనే మేం బోయి బంకర్ల పంటం. నీ కొడుకు మీద ఈగ గూడ వాలనియ్య."

 అవతలి నుంచి సాయవ్వ అంది: "నా లెక్కనే ఒర్రుతున్నది గదా అల్లుడా."

భూమేశ్ మెట్ల మీద కూలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి వంటశాలలో నా పేరు సాయవ్వ. శుక్రవారం నేను మోగుతుంటే లింబాద్రి అనేవాడు, మీ అమ్మ పిలుస్తున్నది పోరా అని. మా అమ్మ వారానికొకసారే ఒర్రుతున్నదంటే నువ్వు సుఖపడ్డట్టే బావా అని భూమేశ్ జవాబిచ్చేవాడు. ఆ మాట వారం వారం అన్నా వాళ్లకు పాతబడలేదు.

ఇంతలో సముద్రాల అవతల ఆ సైన్యం సొంత దేశంలో ఎన్నికలు జరిగాయి. గెలిచినవాడు, పరాయి నేల మీద ఉన్న మన పిల్లల్లో సగం మందిని ఏడాదిలోగా ఇంటికి తెస్తానని మాటిచ్చాడు. సగం అంటే ఎందుకు సగమో ఎవరూ అడగలేదు. మొత్తం తెస్తానంటే సైన్యాధికారులు ఒప్పుకోరు, ఎవరినీ తేనంటే ఓట్లు పడవు. ఈ దేశపు రాజుగారికి సైనికులు ఎంతమంది ఉన్నా ఫరవాలేదు, జెండా మాత్రం దిగకూడదు. జెండా దిగితే కొండల అవతలివాళ్లు గెలిచామంటారని ఆయన భయం. చివరికి జెండా ఉండేట్టు, మనుషులు సగమయ్యేట్టు ఒప్పందం కుదిరింది. ఎవరిని తగ్గించాలో చూడడానికి ముగ్గురు చట్టసభ సభ్యులు స్థావరానికి వచ్చారు. వాళ్ల చర్చ వంటశాల పక్కనున్న భోజనశాలలో జరిగింది. పొగ పోయే గొట్టం నా స్తంభం పక్కకే వస్తుంది. విన్నంత చెబుతాను.

ఒక సభ్యుడు లెక్కించే పద్ధతి అడిగాడు. యూనిఫాం వేసుకున్నవాళ్లనే లెక్కిస్తామని స్థావరం అధికారి కర్నల్ చెప్పాడు. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర కాపలాకు తెచ్చిన నేపాలీలు లెక్కలోకి రారు. అయితే యూనిఫాంలో ఉన్న కాపలావాళ్లను పంపేసి నేపాలీలను పెంచితే సరిపోతుంది కదా అన్నాడు సభ్యుడు. అది ముందే అనుకున్నామన్నాడు కర్నల్. అయినా సగం కాలేదు. అప్పుడు రాడార్ సంగతి వచ్చింది. రాడార్‌ను రాత్రింబవళ్లు చూడడానికి పెద్ద బృందమే కావాలి, అందరూ యూనిఫాం వాళ్లే. పైగా ఇంకో దేశంలో ఉన్న పెద్ద స్థావరంవాళ్లు ఆ రాడార్ తమకు కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. దాన్ని పంపేస్తే మనుషులూ తగ్గుతారు, ఖర్చూ తగ్గుతుంది, అడిగినవాళ్లూ సంతోషిస్తారు.

రాకెట్ వస్తే ఎవరు చెబుతారని రెండో సభ్యురాలు అడిగింది. మిగిలే సైనికుల పడకలను పడమటి వైపు, కొత్త కాంక్రీటు కప్పుల కిందికి మారుస్తున్నామనీ, అక్కడ హెచ్చరిక అవసరం లేదనీ కర్నల్ చెప్పాడు. వంటశాలను మార్చడానికి మాత్రం డబ్బు మంజూరు కాలేదు. వంటవాళ్ల కాంట్రాక్టులో హెచ్చరిక సైరన్ ఉండాలన్న షరతు ఉంది కదా అని ఆమె మళ్లీ అడిగింది. ప్రశ్న మంచిదే. సైరన్‌ను కదపడం లేదని కర్నల్ అన్నాడు. ఆమె రాసుకుంది. మూడో సభ్యుడు ఇంకొంచెం మాంసం కూర వడ్డించమన్నాడు. వండినవాణ్ణి చూడాలన్నాడు. లింబాద్రి ఏప్రన్ విప్పి చేతులు తుడుచుకుని వచ్చి ముగ్గురి మధ్య నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో చాలాకాలం భోజనశాల గోడకు ఉంది. లింబాద్రి దాన్ని భార్యకు పంపాడు.

తగ్గింపు మొదలయ్యాక కంపెనీ కూడా వంటవాళ్లను కొందరిని కదిలించింది. సముద్రం వైపు ఉన్న ఇంకో క్యాంపులో జాగాలున్నాయని సత్తిబాబు చెప్పాడు. అక్కడ రాకెట్లు లేవు. కానీ అక్కడ లింబాద్రి హెడ్ కాడు, మళ్లీ కూరగాయలు తరగాలి. భూమేశ్‌కు అక్కడికి పోవాలని ఉంది. సైనికులే పోతుంటే మనమెందుకు బావా అన్నాడు.  సాయంత్రం లింబాద్రి మెట్ల మలుపు దగ్గర సత్తిబాబును ఆపి ఒక్కటే అడిగాడు.

"అన్నా, అంతా తీస్కపోతున్నరు. సైరన్ ఉంటదా?"

"ఉంటాదిలే. పైనుంచి కాగితమే వచ్చింది. దాన్నెవడూ ముట్టుకోడు."

"పక్కానా?"

"నీ నెత్తి మీదే ఉంది కదయ్యా. శుక్రవారం నువ్వే వినుకో."

ఆ శుక్రవారం నేను మోగాను. లింబాద్రి విన్నాడు. వంటశాలలోకి పోయి బామ్మర్దికి, ఇక్కడే ఉంటున్నామని చెప్పాడు. భూమేశ్ ఎదురు చెప్పలేదు. బావ మాట కాదని నడిచిన అలవాటు అతనికి లేదు.

రాడార్‌ను తీసుకుపోవడానికి వచ్చినవాళ్లకు పెద్ద హాల్డెన్ అనే సార్జెంట్. అతను పనిమంతుడు. దిమ్మె మీద రాడార్ విప్పాక నా వైపు వచ్చే తీగ కొస వేలాడుతుంటే, ఎవరికీ తగలకుండా నల్ల టేపుతో మూడు చుట్లు చుట్టి గోడ వారన పెట్టాడు. గడియారం గురించి అతనికి ఏ ఆదేశమూ లేదు. ఆదేశం లేనిదాన్ని ముట్టుకోలేదు. ఏ పరికరం ఎక్కడికి పోతోందో బయట ఎవరికీ చెప్పకూడదన్న ఆదేశం మాత్రం ఉంది. పోయే ముందు వంటశాల గుమ్మం దగ్గరికి వచ్చాడు. భూమేశ్ అతనికి పళ్లెంలో రొట్టె, కూర పెట్టిచ్చాడు. తింటూ రెండుసార్లు నా వైపు చూశాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ రొట్టె ముక్క పెట్టుకున్నాడు. పళ్లెం ఇచ్చేసి, భూమేశ్‌తో చెయ్యి కలిపి లారీ ఎక్కాడు.

దిమ్మె ఖాళీ అవడం వంటవాళ్లు అందరూ చూశారు. వాళ్లకు అది రాడార్ అని తెలియదు. కంచె లోపల ఉన్న ఆ గుడ్డ కప్పిన పెట్టెను ఎవరూ వాళ్లకు చూపించి ఇది ఫలానా అని చెప్పలేదు. సైరన్ తనంతట తానే చూసి మోగుతుందని వాళ్ల నమ్మకం. స్థావరంలో చాలామంది సైనికులదీ అదే నమ్మకం.

ఆ తర్వాత నెలల్లో నేను శుక్రవారాలు తప్ప మోగలేదు. కొండల మీదుగా రాకెట్లు రెండు వచ్చాయి. నాకు కనబడ్డాయి. కంచె బయట ఇసుకలో పడ్డాయి. వంటశాలలో ఆ చప్పుడు విన్నవాళ్లు క్వారీలో రాయి పేలుస్తున్నారనుకున్నారు. సైరన్ మోగలేదు కాబట్టి రాకెట్ కాదు. భోజనశాలలో ఒక పూట అధికారులు మాట్లాడుకున్న దాన్ని బట్టి, మూడు నెలల నివేదికలో ఇలా రాశారు: తగ్గింపు తర్వాత హెచ్చరికల సంఖ్య సున్నాకు పడిపోయింది, శత్రువు వైఖరి మెత్తబడింది. తగ్గింపును వ్యతిరేకించిన అధికారులు కూడా ఆ అంకె చూసి ఊరుకున్నారు. అలా నా మౌనం వాళ్ల చట్టసభ దాకా వెళ్లింది.

మంగళవారం తెల్లవారి ఆరు గంటలకు వంటవాళ్లు తొమ్మిది మంది పనిలో ఉన్నారు. భూమేశ్ తూర్పు గోడ దగ్గర గుడ్ల డేగ్‌ల ముందు ఉన్నాడు. ఆరూ పదికి కంచె అవతల ఒక రాకెట్ పడింది. ఈసారి దగ్గర. గిన్నెలు కదిలాయి. అందరూ చేతిలో పని ఆపారు. భూమేశ్ జల్లెడ గరిటె డేగ్ అంచున పెట్టి తలుపు వైపు రెండడుగులు వేశాడు.

"బావా, ఇది క్వారీ కాదు."

లింబాద్రి చెయ్యెత్తి అందరినీ ఉండమన్నాడు. తల పైకెత్తి చెవి పెట్టాడు. పైన నేనున్నాను. కొండల మీద రెండోది లేవడం నాకు కనబడింది. నా తీగలో ఏమీ లేదు.

"సాయవ్వ ఒర్రలే," అన్నాడు లింబాద్రి. "పని చూడుర్రి."

భూమేశ్ నవ్వాడు. వెనక్కి వెళ్లి గరిటె తీసుకున్నాడు. అప్పటికి ఆరు గంటల పద్నాలుగు నిమిషాలు కావస్తోంది. బంకర్ తలుపు వంటశాల గుమ్మానికి ఎదురుగానే ఉంది. పరిగెత్తినవాడికి అందే దూరమే.

గోడ కూలాక లింబాద్రి ఇటుకలు తీశాడు. మిగిలినవాళ్లు గాయపడ్డవాళ్లను మోశారు. పడమటి వైపు నుంచి సైనికులు స్ట్రెచర్లతో వచ్చేసరికి అతను భూమేశ్ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డేగ్‌లు పడి వేడినీళ్లు అతని కాళ్ల కింద పారుతున్నాయి. అతను కాళ్లు తియ్యలేదు.

పదకొండు గంటలకు లింబాద్రి కట్టు కట్టిన పాదాలతో మెట్లెక్కి మలుపు దగ్గరికి వచ్చాడు. ఫోన్ తీసి చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. చేశాడు. అత్తమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట అన్న తీరుకే అవతల ఏడుపు మొదలైంది. మిగతాది అతను చెప్పాడో లేదో నాకు వినబడలేదు, ఏడుపే వినబడింది. అది ఆగాక సాయవ్వ గొంతు వచ్చింది.

"మరి అది ఒర్రలేదా అల్లుడా?"

"ఒర్రలే."

"ఎందుకు ఒర్రలే?"

 లింబాద్రి ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది. లింబాద్రి ఫోన్‌లో డబ్బు అయిపోయి లైన్ తెగింది.

ఆ సాయంత్రం భోజనశాల టీవీలో ఆ సైన్యం సొంత దేశపు నాయకుడు మాట్లాడాడు. వంటశాల సగం కూలినా సైనికులకు రాత్రి భోజనం ఆపలేదు. లింబాద్రి సూప్ వడ్డించే బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఈ రోజు దాడిలో మన సైనికుల్లో ఒక్కరికీ హాని జరగలేదనీ, తగ్గింపు తర్వాత ఆ స్థావరంలో మన ప్రాణనష్టం సున్నా అనీ, ఈ విధానం సరైనదని ఇంతకన్నా రుజువు అక్కర్లేదనీ నాయకుడు చెప్పాడు. భోజనశాలలో కొందరు బల్లలు చరిచారు. చనిపోయినతని సంగతి వార్తల చివర్లో వచ్చింది. పేరు లేదు, కాంట్రాక్టు సిబ్బందిలో ఒకరు అన్నారు. వరుసలో ఉన్న ఒక సైనికుడు లింబాద్రిని గిన్నె నింపమన్నాడు. నింపాడు.

కంపెనీ విచారణ బుధవారం జరిగింది. సత్తిబాబు, ఒక అధికారి భోజనశాలలో బల్ల ముందు కూర్చున్నారు. హెచ్చరిక పరికరం యథాస్థానంలో ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంది. చివరిసారి పరీక్షలో పనిచేసిందా అన్నది రెండోది. దాడికి నాలుగు రోజుల ముందు శుక్రవారం పనిచేసింది. మూడో ప్రశ్న లేదు.

శుక్రవారం పన్నెండు గంటలకు నేను మోగాను. వెనక షెడ్డులో ఆ రోజు డేగ్ పెట్టలేదు. లింబాద్రి నేను మొదలుపెట్టగానే మెట్లెక్కాడు. మలుపు దగ్గర ఆగలేదు. అక్కడి నుంచి పైకి ఇనుప నిచ్చెన ఉంది, వంటవాళ్లు ఎక్కకూడదని బోర్డు ఉంది. ఎక్కాడు. నా నాలుగు నోళ్ల కింద నిలబడ్డాడు. అంత దగ్గర నిలబడితే చెవులు పోతాయి. చెవులు మూసుకోలేదు. నేను ఆగేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆగాక స్తంభం మొదట్లో కూర్చుని పెట్టె చూశాడు. అందులోంచి వెళ్లే రెండు తీగల్లో ఒకదాన్ని చేత్తో పట్టుకుని వెంట నడిచాడు. అది గడియారం దగ్గర ఆగింది. తిరిగి వచ్చి రెండోదాన్ని పట్టుకున్నాడు. అది పిట్టగోడ మీదుగా కిందికి దిగింది. అతనూ నిచ్చెన దిగి, వంటశాల చుట్టూ తిరిగి, ఖాళీ దిమ్మె దగ్గరికి వచ్చాడు. తీగ కొస అక్కడ గోడ వారన ఉంది. నల్ల టేపు ఎండకు మెత్తబడింది. లింబాద్రి టేపు విప్పాడు. రాగి తళతళలాడింది. ఆ కొసను పట్టుకుని దిమ్మె మీద కూర్చున్నాడు.

సత్తిబాబు వెతుక్కుంటూ వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు.

"గిది యాడికి పోతదన్నా?"

సత్తిబాబు తీగ వైపు చూసి, దిమ్మె వైపు చూశాడు. "దీని మీదున్నది ఆళ్లు పట్టుకుపోయారు కదా. దానిదయ్యుంటాది."

"నిన్ను అడిగిన నేను. సైరన్ ఉంటదా అని."

"ఉంటాదన్నాను. ఉందా లేదా?"

"మోగుతదా అని అడగాల్నా?"

 సత్తిబాబు గొంతు తగ్గించాడు. "అడిగినా నాకేం తెలుసు లింబాద్రీ. నువ్వు నన్నడుగుతావు, నేను పైవోణ్ణడుగుతాను. ఆడు కాగితం చూసి సైరన్ ఉందంటాడు. శుక్రవారం మోగింది కదాని నేనూ అనుకున్నాను. నా మంచం కూడా ఈ గోడ పక్కనే." తర్వాత అతని చేతిలోని తీగ తీసుకోబోయాడు. లింబాద్రి వదల్లేదు.

"మా అత్తమ్మకు ఇనిపిచ్చిన నేను," అన్నాడు. "ఫోన్ల."

పైకి ఎక్కడం కాపలా కెమెరాలో పడింది. అనుమతి లేని చోటికి వెళ్లడం, రక్షణ పరికరం తీగ టేపు విప్పడం అని రెండు తప్పులు పెట్టారు. కాంట్రాక్టు రద్దయింది. కంపెనీ అతనికి ఆదివారం విమానంలో సీటు వేసింది. భూమేశ్ శవం ఓడరేవు పట్టణంలోని ఆసుపత్రిలో, కాగితాలు పూర్తికాక శవాగారంలో ఉంది. శవంతో పాటే వెళ్తానని లింబాద్రి అడిగాడు. రద్దయిన మనిషిని అన్నాళ్లు ఉంచే ఏర్పాటు లేదన్నారు. ఆదివారం ఉదయం బస్సెక్కే ముందు అతను మెట్ల మలుపు దగ్గరికి రాలేదు. ఫోన్ చెయ్యలేదు. శవం తర్వాతి గురువారం బయలుదేరిందని సత్తిబాబు ఎవరితోనో ఫోన్‌లో అంటుంటే విన్నాను. లింబాద్రి ఇల్లు చేరాడో లేదో, చేరితే ఆ నాలుగు రోజులు సాయవ్వ ముందు ఎలా కూర్చున్నాడో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ నా కింద మాట్లాడలేదు.

సోమవారం ఒక మనిషి వచ్చి తీగ కొసకు కొత్త టేపు చుట్టాడు.

మరుసటి ఏడాది మిగిలిన సగం మంది కూడా వెళ్లిపోయారు. జెండా దించేటప్పుడు రాజుగారి బ్యాండు వాయించింది. వెళ్లినవాళ్లు తీసుకుపోలేనివన్నీ వేలం వేశారు. మంచాలు, ఫ్రిజ్‌లు, గుడ్లు ఉడికించే డేగ్‌లు, నేను. పాత ఇనుము కొనేవాడు నన్ను పెట్టెతో, గడియారంతో, బ్యాటరీతో, ఎండ పలకతో సహా తూకానికి కొని, ఊరి బయట తన యార్డులో డేగ్‌ల గుట్ట మీద పడేశాడు. ఎండ పలక పైకే ఉంది.

మొదటి శుక్రవారం నేను మోగితే యార్డులో పనిచేసే మనుషులు లారీల కింద దూరారు. రెండో శుక్రవారం తిట్టారు. మూడోవారం నుంచి అన్నాలకు లేచే వేళగా పెట్టుకున్నారు.

నిన్న శుక్రవారం. పన్నెండు గంటలకు నేను మోగాను. ఒక నిమిషం మోగి ఆగాను. రేకుల షెడ్డు కింద ఒకతను గిన్నె మూత తీశాడు.